కొలమానాన్ని సవరించే హక్కు: గుంటుపల్లి గుహలు, పాశ్చాత్య పరిభాష, పోలికలోని నీతి

పాశ్చాత్యేతర సంస్కృతిని పాశ్చాత్య సంప్రదాయంతో పోల్చకుండా అధ్యయనం చేయడం సాధ్యమా అన్న ప్రశ్న తెలుగు పరిశోధనలో సాధారణంగా పద్ధతికి సంబంధించిన ప్రశ్నగానే చర్చకు వస్తుంది. ఏ సిద్ధాంతం వాడాలి, ఏ పరిభాష సరిపోతుంది అన్నంతవరకే ఆ చర్చ సాగుతుంది. ఒకరి కట్టడాన్నో, కావ్యాన్నో, కొలుపునో మరొకరి మాటల్లో వర్ణించేవారు ఆ మొదటివారికి ఏమి బాకీ పడతారన్నది మాత్రం చర్చకు వెలుపలే ఉండిపోతుంది. ఇది నైతిక ప్రశ్న. దీన్ని సూత్రప్రాయంగా కాక ఒక స్థలాన్ని ఆధారం చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ స్థలం ఏలూరు జిల్లా చింతలపూడి ప్రాంతంలోని గుంటుపల్లి బౌద్ధక్షేత్రం.

నూజివీడు మామిడితోటల సీమకు ఆనుకొని ఉన్న మెట్ట ప్రాంతం చింతలపూడి. ఈ శాసనసభ నియోజకవర్గంలోనిదే కామవరపుకోట మండలం. ఆ మండలంలోని జీలకర్రగూడెం గ్రామం దగ్గరి కొండమీద గుంటుపల్లి గుహలున్నాయి. భిక్షువులు నివసించిన తొలుపు విహారాలు, ఉద్దేశిక స్తూపాల వరుసలు, ఇటుక కట్టడాల శిథిలాలు, వీటన్నిటికన్నా ప్రసిద్ధమైన వలయాకార చైత్యగృహం అక్కడ కనిపిస్తాయి. క్రీ.పూ. 2వ శతాబ్ది ప్రాంతానిదిగా పండితులు భావించే ఈ చైత్యగృహపు పైకప్పులో కొయ్య వాసాలను పోలిన పక్కటెముకల వంటి నిర్మాణాన్ని రాతిలోనే చెక్కారు. బీహారులోని బరాబర్ కొండల్లో ఉన్న సుదామ, లోమశఋషి గుహలతో దీనికున్న పోలికను పురాతత్త్వవేత్తలు చాలాకాలంగా గుర్తిస్తూ వచ్చారు. గుహ మధ్యలో రాతిలోనే తొలిచిన స్తూపం ఉంది. చుట్టుపక్కల గ్రామాల వారికి అది స్తూపం కాదు, ధర్మలింగేశ్వరస్వామి. శివరాత్రికి భక్తులు కొండెక్కి ఆ స్వామిని దర్శించుకుంటారు.

అంటే ఒకే రాతి ముందు ముగ్గురున్నారు. దాన్ని తొలిపించి, తరవాత చరిత్రలో కనుమరుగైన భిక్షుసంఘం మొదటిది. కొన్ని తరాలుగా లింగంగా పూజిస్తున్న భక్తుడు రెండవవాడు. చైత్యం, స్తూపం అన్న వర్గీకరణతో వచ్చిన పురాతత్త్వవేత్త మూడవవాడు. పాశ్చాత్యం, పాశ్చాత్యేతరం అన్న రెండు గళ్ల పట్టికలో ఈ ముగ్గురూ ఇమడరు. సిద్ధాంత చర్చల్లో తరచు విస్మరణకు గురయ్యే అంశం ఇదే.

ముందుగా మూడవవాని మాటల సంగతి. భారతీయ వాస్తు చరిత్రకు ఆంగ్లంలో తొలి సమగ్ర రూపమిచ్చిన జేమ్స్ ఫెర్గూసన్ 1876లో వెలువరించిన గ్రంథంలో పశ్చిమ భారతంలోని కార్లే చైత్యాన్ని తొలినాటి క్రైస్తవ చర్చితో పోల్చాడు. మధ్యశాలను నేవ్ అనీ, పక్కశాలలను ఐల్ అనీ, అర్ధవలయాకారంలో ముగిసే చివరి భాగాన్ని యాప్స్ అనీ వ్యవహరించాడు. కొలతలకు ఇంగ్లండులోని నార్విచ్ కెథడ్రల్‌ను ఉపమానంగా తెచ్చాడు. ఇంగ్లీషు పాఠకునికి తెలియని దాన్ని తెలిసినదానితో చెప్పడం అతని అవసరం, అందులో తప్పు పట్టవలసినది లేదు. అయితే ఉపమానం క్రమంగా పరిభాషగా స్థిరపడింది. ఆ పరిభాషను ఎవరి సౌకర్యం కోసం తయారుచేశారో మరుగున పడి, అది వస్తువు సహజలక్షణంగా చెలామణి కాసాగింది.

తెలుగు పురాతత్త్వ రచనలో అదే ఆకారానికి గజపృష్ఠం అన్న మాట వాడుకలో ఉంది. గుంటుపల్లిలోని ఇటుక చైత్యాన్ని వర్ణించేటప్పుడూ, పల్నాడులోని చేజెర్ల కపోతేశ్వరాలయాన్ని వర్ణించేటప్పుడూ ఈ మాటే వస్తుంది. ఈ రెండు పేర్లూ ఒకే వస్తువుకు పర్యాయపదాలని సరిపెట్టుకోవడం పరిపాటి. కాని వాటి చూపులు వేరు. ఓడ అన్న అర్థంగల లాటిన్ మాట నుంచి నేవ్, కమాను అన్న అర్థంగల గ్రీకు మాట నుంచి యాప్స్ వచ్చాయి. అవి కట్టడం లోపల నిలబడి, ప్రార్థన సాగే దిశగా చూసేవారి మాటలు. గజపృష్ఠం అన్నది బయట నిలబడి, పడుకున్న ఏనుగు వీపులాగా వంగిన పైకప్పును చూసేవారి మాట. ఒకటి నడిచే దారిని చెబుతుంది, మరొకటి కనిపించే ఆకృతిని చెబుతుంది. చేజెర్లలో ఆలయానికి బయటి రూపం ఉంది కాబట్టి అక్కడ గజపృష్ఠం సార్థకం. కొండలోపల తొలిచిన కార్లే గుహకు బయటి వీపే లేదు. అక్కడ ఈ దేశీయ పదమే ఉపచారార్థంలో నిలుస్తుంది, చర్చి పరిభాష లోపలి విన్యాసాన్ని మరింత దగ్గరగా చెబుతుంది. ఇక గుంటుపల్లి వలయాకార గుహకు రెండూ సరిపోవు. అక్కడ దిశ లేదు, ప్రదక్షిణ మాత్రమే ఉంది.

దేశీయ పదమైనంత మాత్రాన అది నిజానికి దగ్గరగా ఉండదు, విదేశీయ పదమైనంత మాత్రాన దూరంగా ఉండదు. పోలికను పరీక్షించవలసిన ప్రశ్న వేరే ఉంది. కొలవబడుతున్న వస్తువు కొలమానాన్ని సవరించగలిగే అవకాశం ఆ పోలికలో ఉన్నదా? గుంటుపల్లి గుహను చూసిన తరవాత యాప్స్ అన్న మాట అర్థం కొంతైనా మారిందా, లేక గుహే ఆ మాటకు లొంగిపోయిందా? ఈ అవకాశం లేనప్పుడు పోలిక తీర్పుగా మారుతుంది. అటువంటి తీర్పుకు అమరావతి శిల్పాలకు పెట్టిన పేరు స్పష్టమైన ఉదాహరణ. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించిన శిల్పాలను, లండన్‌లోని గ్రీకు ఎల్గిన్ మార్బుల్స్ పేరు తలపించేలా, ఇలియట్ మార్బుల్స్ అని పిలిచారు. అవి పాలరాయి కావు, సున్నపురాయి పలకలు. గ్రీకు శిల్పంతో పోలిక రాతి పేరునే మార్చివేసింది.

సవరించే హక్కు వస్తువుకు ఉండదు, మనుషులకు ఉంటుంది. కనుక ఆ హక్కును ఎవరికి ఇచ్చారు, ఎవరికి నిరాకరించారు అన్నది చూడాలి. ఇందుకు ఏలూరు నుంచే సాక్ష్యం దొరుకుతుంది. కల్నల్ కాలిన్ మెకంజీ సేకరణలకు వెన్నెముకగా నిలిచిన కావలి సోదరులు ఏలూరు వారు. 1776లో పుట్టిన బొర్రయ్య, మెకంజీ వద్ద చేరి శాసనాలు, స్థానిక చరిత్రలు సేకరించే పనికి ఒక క్రమాన్ని ఏర్పరచాడు. పాత కన్నడ లిపి శాసనాలు చదవడంలో నేర్పు చూపాడు. 1803లో చిన్న వయసులోనే మరణించాడు. అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని అందిపుచ్చుకొని మెకంజీ మరణించిన 1821 వరకు కొనసాగించాడు. మరో సోదరుడు రామస్వామి 1829లో దక్కను కవుల జీవితచరిత్రలను ఇంగ్లీషులో ప్రచురించాడు. వీరి సామర్థ్యం మెకంజీ నేర్పగా వచ్చింది కాదు. నియోగి కరణాల కుటుంబాల్లో లెక్కలు, దస్తావేజులు, బహుభాషలు, లిపులు చదివే అలవాటు తరతరాలుగా ఉన్నదనీ, వలసకాలపు జ్ఞాననిర్మాణంలో ఆ పూర్వవిద్య భాగస్వామి అయిందనీ ఫిలిప్ వాగనర్ 2003లో ప్రచురించిన వ్యాసంలో వాదించారు.

మెకంజీ వదిలిన పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య చేసిన ప్రతిపాదన 1836లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ అభిప్రాయానికి వెళ్లింది. అప్పటి కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. అటువంటి బాధ్యతకు స్వదేశీయుని యోగ్యత చాలదన్న అభిప్రాయంతో ఆ ప్రతిపాదన తిరస్కరణకు గురైంది. సేకరించగలడు, చదవగలడు, అనువదించగలడు, కాని సమన్వయించి తీర్పు చెప్పలేడు అన్నది అందులోని సారం. నాలుగు దశాబ్దాలు పని చేసిన మనిషికి దక్కిన స్థానం సమాచారం అందించేవాని స్థానమే.

ఆ మరుసటి ఏడాది, 1837లో, అదే ప్రిన్సెప్ అశోకుని బ్రాహ్మీలిపిని ఛేదించాడు. ఆ ఛేదన లేకపోతే గుంటుపల్లి కొండమీది శాసనాలు ఈనాటికీ మూగవే. ఈ రెండు సంఘటనల్లో ఒకదాన్ని మాత్రమే చెప్పే చరిత్రలు కొల్లలుగా ఉన్నాయి. ఒక వర్గం ప్రిన్సెప్‌ను మరచిన గతాన్ని తిరిగి ఇచ్చిన ఉపకారిగా చూస్తుంది. 1978లో ఎడ్వర్డ్ సయీద్ ఓరియంటలిజం వెలువడిన తరవాత బలపడిన మరొక వర్గం అతణ్ణి అధికారానికి చేతిమనిషిగా చూస్తుంది. రెండింటినీ ఒకే మనిషిలో, ఒక్క ఏడాది ఎడంలో కలిపి చూడవలసి రావడమే ఇక్కడి చిక్కు. లిపి చదవడం సరైనదే, దాన్ని చదివినవాడు లక్ష్మయ్యకు చేసింది అన్యాయమే. మొదటిది రెండవదాన్ని మాఫీ చేయదు, రెండవది మొదటిదాన్ని అబద్ధం చేయదు.

ఫెర్గూసన్ ఇందులో మరొక అడుగు ముందుకు వేశాడు. భారతీయ శిలావాస్తుకు గ్రీకుల ప్రేరణ మూలమన్న అతని వాదాన్ని బెంగాలీ పండితుడు రాజేంద్రలాల్ మిత్ర ఖండించాడు. దానికి జవాబుగా 1884లో ఫెర్గూసన్ ప్రచురించిన పుస్తకం వాస్తు చర్చతో ఆగలేదు. భారతీయ న్యాయాధికారులు ఐరోపావారిని విచారించవచ్చునా అన్న ఇల్బర్ట్ బిల్లు వివాదాన్ని కూడా అందులోకి లాగింది. రాతికట్టడం వయసు గురించిన వాదంలో న్యాయస్థానపు అధికారం ఎందుకు వచ్చింది? కొలిచేవానిని కొలవబడేవాడు ప్రశ్నించడమే అతనికి అసలు అభ్యంతరం కాబట్టి వచ్చింది.

దీనికి భిన్నంగా సవరణ సాఫీగా సాగిన సందర్భం కూడా గుంటుపల్లిలోనే ఉంది. అక్కడి స్తంభశాసనాన్ని 1968లో ఆర్. సుబ్రహ్మణ్యం ఖారవేలుని శాసనంగా ప్రకటించారు. డి. సి. సర్కార్ దాన్ని పునఃపరిశీలించి, అది ఖారవేలునిది కాదనీ, కళింగ మహిషక దేశాల అధిపతిగా చెప్పుకొన్న మహామేఘవాహన వంశీయుడు సిరి సద అనే రాజు కాలానిదనీ నిరూపించారు. ఖారవేలుని పేరు పోవడం వల్ల స్థలానికి కొంత కీర్తి తగ్గి ఉండవచ్చు, కాని పరిశోధన ఆ సవరణను అంగీకరించింది. మండపాన్ని దానం చేసినవాడు రాజు కాకపోవడం ఇందులో మరొక విశేషం. దాత రాజుగారి లేఖకుడైన చులగోముడు. రాతకోతలు వృత్తిగా గలవాడు తన పేరు రాతిమీద నిలుపుకొన్న అరుదైన సందర్భమిది. లక్ష్మయ్య వృత్తి పూర్వీకులలో ఇతణ్ణి చేర్చడం అతిశయోక్తి కావచ్చు గాని, లేఖకుడు కేవలం సమాచారం అందించేవాడన్న భావన ఈ నేలకు సహజమైనది కాదని చెప్పడానికి ఈ శాసనం చాలు.

పాశ్చాత్య జ్ఞానం అన్న మాటను కూడా ఈ సందర్భంలో విప్పి చూడాలి. లిన్నేయస్ 1753లో మామిడికి పెట్టిన శాస్త్రీయనామం మాంజిఫెరా ఇండికా. అందులోని తొలి భాగం తమిళ మలయాళాల మాంగాయ్, మాంగ నుంచి పోర్చుగీసు మీదుగా లాటిన్‌లోకి వెళ్లిన మాట. మలబారు మొక్కల గురించి లిన్నేయస్ ఆధారపడిన హోర్టస్ మలబారికస్ వెనుక ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుని జ్ఞానం ఉంది. మరోవైపు నూజివీడు తోటల రైతు మామిడిని రసాలు, కోతకాయలు అని విభజిస్తాడు. చిన్నరసం, పెద్దరసం జుర్రుకునేవి, బంగినపల్లి కోసుకు తినేది. ఈ విభజన తినే తీరును బట్టి ఏర్పడింది, వృక్షశాస్త్రం అడిగే ప్రశ్న అది కాదు. తోతాపురి అని ఇతరచోట్ల పిలిచే కాయకు ఇక్కడ కలెక్టరు అన్న పేరు నిలిచింది. పరిపాలన మాటను తోట ఎంత నిర్భయంగా తనది చేసుకుందో చూస్తే, పండితులకన్నా రైతులకే పరభాషతో చనువెక్కువని అనిపిస్తుంది.

ఇక రెండవ పక్షం. పాశ్చాత్య వర్గీకరణను పూర్తిగా తోసిపుచ్చి, స్థలాన్ని దాని సొంత వారి మాటల్లోనే అర్థం చేసుకోవాలనే వాదం నేడు బలంగా వినిపిస్తోంది. గుంటుపల్లి విషయంలో ఆ వాదం ఎక్కడికి దారితీస్తుంది? సొంతవారు అంటే ధర్మలింగేశ్వరుని భక్తులే అయితే, స్తూపం అన్న మాట అనవసరమవుతుంది. దానితోపాటు ఆ గుహను తొలిపించిన సంఘం రెండవసారి కనుమరుగవుతుంది. ఆంధ్రదేశంలో బౌద్ధం అంతరించిన తీరులో ఆదరణ తగ్గడం, ఇతర మతాలలో కలిసిపోవడం, స్థలాలు చేతులు మారడం అన్నీ ఉన్నాయి. వాటిలో ఏది ఎక్కడ ఎంత అన్నది చోటునుబట్టి తేల్చవలసిన విషయం. ఆ ప్రశ్న వేయడానికి బౌద్ధస్తూపం అన్న వర్గం అవసరం. ఆ వర్గాన్ని తిరిగి నిలబెట్టినవి చాలావరకు 19వ శతాబ్ది పురాతత్త్వమూ, లిపి పరిశోధనా. స్థానికం అన్న పేరుతో వాటిని తోసిపుచ్చితే, స్థానికులలోనే ఓడిపోయినవారి పక్షాన మాట్లాడేవారు ఉండరు. పాశ్చాత్య ఆధిపత్యాన్ని విమర్శించడం మనలోని ఆధిపత్యాలను దాచే తెరగా మారే ప్రమాదాన్ని తెలుగు పరిశోధన తగినంతగా పట్టించుకోలేదు.

అయితే భక్తుని మాటను పొరపాటు అని కొట్టివేయడం కూడా అంతే సులువైన దారి. భక్తుడు చెబుతున్నది క్రీ.పూ. 2వ శతాబ్ది సంగతి కాదు, ఇప్పటి సంగతి. ఈ స్థలం పూజ్యమని, ఇక్కడ ప్రదక్షిణ చేయాలని అతడు చెబుతున్నాడు. ఆ రెండింటిలోనూ అతడు గుహ నిర్మాతల ఉద్దేశానికి, దాని ముందు కొలబద్ద పట్టుకొని నిలబడ్డవానికన్నా దగ్గరగా ఉన్నాడు. స్వామి పేరులో ధర్మ శబ్దం ఉండటం బౌద్ధస్మృతికి అవశేషమా అన్నది తేల్చడానికి ఆధారం చాలదు, కాని అడగదగ్గ ప్రశ్న. చేజెర్లలో ఇటువంటిదే మరికొంత స్పష్టంగా కనిపిస్తుంది. బౌద్ధచైత్యం శివాలయమైనప్పుడు దానికి చెప్పుకొన్న స్థలపురాణం పావురం కోసం తన మాంసం కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథ. ఆ కథ మహాభారతంలోనూ ఉంది, నాగార్జునకొండ బౌద్ధశిల్పంలోనూ ఉంది. స్థలం చేతులు మారినా కరుణ గురించిన కథ నిలిచింది. దీన్ని ఆక్రమణ అన్న ఒక్క మాటతోనో, సమన్వయం అన్న ఒక్క మాటతోనో ముగించలేము.

సాహిత్యవిమర్శలో ఇదే సమస్యకు మరొక రూపం ఉంది. కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదువుకొని వచ్చి 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వ విచారము, కథైక్యం, పాత్రపోషణ, ఔచిత్యం అన్న ప్రమాణాలతో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని పరిశీలించి, వర్ణనాప్రధానమైన ఇతర ప్రబంధాలను తక్కువ చేసింది. పాశ్చాత్య ప్రమాణాల దిగుమతిగా ఆ గ్రంథాన్ని విమర్శించినవారు ఎందరో. ఆయన పేరు పెట్టుకున్న ఏలూరు కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసి 1971లో విస్కాన్సిన్‌కు వెళ్లిన వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌తో కలిసి 2002లో అదే కావ్యాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. దానిలో నవలాలక్షణాలను గుర్తించారు. రెడ్డిగారు సూరనను మెచ్చుకున్న కారణానికీ దీనికీ దూరం పైకి కనిపించినంత లేదు. ఇద్దరి దృష్టిలోనూ సూరన గొప్పతనం పాశ్చాత్య ప్రక్రియకు చేరువ కావడం ద్వారానే మొదట కనిపిస్తుంది. తేడా ఎక్కడంటే, రెండవ సందర్భంలో నవల ఐరోపాలో మాత్రమే పుట్టిందన్న అంచనాయే ప్రశ్నకు గురవుతుంది. కొలమానం కొంత కదిలింది.

2001లో నారాయణరావు, షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి వెలువరించిన టెక్స్చర్స్ ఆఫ్ టైమ్ ఇంకా ముందుకు వెళ్లింది. దక్షిణభారతంలో చరిత్రరచన ఉన్నదనీ, అది ప్రత్యేక ప్రక్రియగా కాక ఆయా కాలాల్లో ప్రధానమైన సాహిత్యప్రక్రియలలోనే సాగిందనీ, రచన అల్లికను బట్టి నాటి పాఠకులు చరిత్రను కల్పన నుంచి వేరుచేయగలిగారనీ ఆ గ్రంథం వాదించింది. 1757 బొబ్బిలి యుద్ధగాథలు, కరణాల రచనలు అందులో ముఖ్య ఆధారాలు. దీనిపై షెల్డన్ పొలాక్ 2007లో తీవ్రమైన విమర్శ రాశారు. మనకూ చరిత్ర ఉన్నదని నిరూపించాలన్న ఆరాటమే చరిత్ర అన్న పాశ్చాత్య విలువకు తలవంచడం కాదా అన్న సందేహం ఈ చర్చ అంతటి వెనుకా ఉంది. ఆ సందేహం న్యాయమైనదే. కాని ఆరాటం ఉన్నంత మాత్రాన వాదం తప్పు కాదు. చరిత్రకు ఒక ప్రత్యేక ప్రక్రియ అవసరం లేదన్న ఫలితాన్ని ఐరోపా చరిత్రరచనకు కూడా వర్తింపజేసి చూడవచ్చు. అలా చూసినప్పుడు తెలుగు ఆధారం ప్రపంచ సిద్ధాంతాన్ని సవరించిన ఉదాహరణ అవుతుంది. అలా చూసేవారు తక్కువ. లక్ష్మయ్య ప్రతిపాదనకు జరిగినదే మరింత మర్యాదగా మళ్లీ జరుగుతోందా అన్న అనుమానం కలగడం సహజం.

పోలిక ఎప్పుడూ పడమటివైపే తిరగాలన్న నియమమూ లేదు. గుంటూరు సీమ నుంచి వచ్చిన తత్త్వవేత్త కొత్త సచ్చిదానందమూర్తి చైనా, జపాను దర్శనాలపై ప్రత్యేకంగా రాశారు. గుంటుపల్లి చైత్యాన్ని సింహళ స్తూపాలతోనో, ప్రదక్షిణ అన్న ఆచారాన్ని టిబెట్టు కొండల ప్రదక్షిణతోనో పోలిస్తే చర్చి పరిభాష అవసరమే రాని ప్రశ్నలు వస్తాయి. తెలుగు శాఖలలో ఈ దిశగా జరిగిన పని స్వల్పం. అందుకు కారణం సిద్ధాంతం కన్నా భాషాశిక్షణలోని లోటు.

జీలకర్రగూడెం, కామవరపుకోట పరిసరాల్లో ధర్మలింగేశ్వరుని గురించి చెప్పుకునే కథలు, మొక్కులు, పూజాక్రమం, పండుగరోజు దుకాణాల ఏర్పాటు దాకా నమోదు చేయడం క్షేత్రపరిశోధకుల ముందున్న పని. ఆ నమోదులో చెప్పినవారి మాట వారి వివరణతోపాటు ఉండాలి. స్తూపం గురించి పురాతత్త్వం చెప్పినదాన్ని వారికి వినిపించి, దానికి వారిచ్చే జవాబును కూడా అదే పుటలో రాయాలి. వారు ఒప్పుకోవచ్చు, నవ్వవచ్చు, ధర్మం అన్నా బుద్ధుడన్నా ఒకటేనని అనవచ్చు, లేదా పరిశోధకుడు ఊహించని మరొక వర్గీకరణ చెప్పవచ్చు. నాలుగవది జరిగినప్పుడు వ్యాసం శీర్షికే మార్చుకోవలసి రావచ్చు.